అడగని కబురు

ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి రెండు వీధుల ఇవతల ఉన్న ఒక రెండంతస్తుల ఇంట్లో, ఆ ఏడాది వసంతమంతా ఒక ప్లాస్టిక్ డబ్బా మెట్లెక్కి దిగుతూనే ఉంది. కింద తేజేశ్వర్, అతని భార్య మనీషా, తొమ్మిదేళ్ళ కూతురు వేద ఉంటారు. ఇల్లు వాళ్ళదే. పైన అద్దెకి అంగోలా దేశం నుంచి వచ్చిన తల్లీకూతుళ్ళు ఉంటారు. కింది నుంచి పులిహోర పైకి వెళ్తుంది. ఖాళీ డబ్బా తిరిగివ్వడం పైవాళ్ళ ఇంటా వంటా లేదు కనక అందులో వేయించిన వేరుశెనగలు కిందికి దిగుతాయి. ఖాళీ డబ్బా తిరిగివ్వడం మనవాళ్ళకీ అలవాటు లేదు కనక మర్నాడు అదే డబ్బాలో గారెలు పైకి వెళ్తాయి. ఇలా తిండి రెండు వైపులా నడుస్తూనే ఉంది గానీ, నడవాల్సిన కబురు మాత్రం నడవలేదు. పైన ఉండే పెద్దావిడకి అదే అంతుపట్టకుండా ఉంది.

ఆవిడ పేరు చిలొంబో. డెబ్భై దాటాయి. మనిషి పొట్టి, నడక గట్టి. ఇంట్లో ఉన్నా తలకి గుడ్డ కట్టుకుంటుంది. ఓక్ ట్రీ రోడ్డు మీద ఆమెని చూసిన మనవాళ్ళు కొందరు ఆఫ్రికన్ అని, కొందరు బ్లాక్ అని అనుకుని ఊరుకుంటారు. మనల్ని ఎవరైనా ఇండియన్ అని ఊరుకుంటే మాత్రం మనం తెలుగు, అందులో గుంటూరు, అందులో నరసరావుపేట అని చెప్పే దాకా నిద్రపోం. అందుకని ఆమెది ఏ ఊరో చెప్పడం న్యాయం.

అంగోలాకి నడిమధ్య, చల్లగా ఉండే ఎత్తైన మెట్టసీమ ఒకటుంది. బైలుందు, హువాంబో అక్కడి ఊళ్ళు. మొక్కజొన్న పండించుకుని ఉంబుందు భాష మాట్లాడుకునే ఒవింబుండు జనం అక్కడివాళ్ళు. చిలొంబో ముత్తాతల కాలంలో వాళ్ళు పెద్ద బేరగాళ్ళు. మైనం, ఏనుగు దంతాలు, తర్వాత రబ్బరు నెత్తిన పెట్టుకుని, వందల మంది బారులుగా బెంగెలా రేవు దాకా నడిచేవాళ్ళు. మనుషుల్ని కూడా అమ్మారు, ఆ సంగతి దాచిపెట్టి పెద్దరికం చెప్పుకోవడం అనవసరం. దారిలో పొద్దుగూకితే కొమ్మలు నరికి గుడిసెలు వేసుకుని విడిది చేసేవాళ్ళు. అలాంటి దారి విడిదిలో పుట్టిన పిల్లకి పెట్టే పేరు చిలొంబో.

ఈమె పుట్టేనాటికి ఆ బేరాలు లేవు. పోర్చుగీసు దొరలు మగవాళ్ళని కాంట్రాక్టు కూలి అని పట్టుకుపోయి సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టించేవాళ్ళు. అలా పోయిన మొగుణ్ణి చూసుకోవాలని నిండు నెలలతో నడుస్తూ, దారి పక్కన ఎవరో వదిలేసి పోయిన గుడిసెలో ఈమెని కన్నది తల్లి. పుట్టుకే ప్రయాణంలో జరిగింది కాబట్టి ఐసెలిన్ దాకా వచ్చి పడ్డానని చిలొంబో నవ్వుతూ చెబుతుంది. చిన్నప్పుడు డోండి అనే చోట మిషన్ బడిలో కెనడా దొరసాని దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ఇప్పటికీ కొంత మిగిలింది. నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడుతుంది.

ఆమెని పెంచింది అమ్మమ్మ. ఆ అమ్మమ్మ నేర్పిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఉలొంగా. ఉలొంగా అంటే కబురు చెప్పుకోవడమే, కానీ మనం ఫోన్లో చెప్పుకునే రకం కాదు. ఇంటికి మనిషి వస్తే ముందు కూర్చోబెట్టాలి. తాగడానికి ఇవ్వాలి. చేతులు మెల్లగా తట్టి పలకరించాలి. ఆ తర్వాత ఇంటివాళ్ళు అడగాలి, ‘ఏం కబురు’ అని. అప్పుడు వచ్చిన మనిషి కిందటిసారి కలిసి విడిపోయిన దగ్గర మొదలుపెట్టి, ఈ గడప తొక్కేదాకా జరిగిందంతా చెప్పాలి. జబ్బులు, పంటలు, చావులు, దారిలో తగిలిన వాన, అన్నీ. ఆగిన చోటల్లా వినేవాళ్ళు ‘కూకూ’ అనాలి, మనం ఊఁ కొట్టినట్టు. అయ్యాక ఇంటివాళ్ళు తమది చెప్పాలి. ఇంటివాళ్ళు అడక్కుండా వచ్చినవాళ్ళు నోరు విప్పడం మహా తప్పు. అడగడానికి వచ్చిన సాయమైనా, తెచ్చిన పెళ్ళి సంబంధమైనా అంతే. ముత్తాత బెంగెలా నుంచి తిరిగొచ్చినప్పుడు మూటలు విప్పకుండా అరుగు మీద కూర్చుని ఒక రాత్రీ పగలూ ఉలొంగా చెప్పాడని, అందులోనే ఆయన పెద్దకొడుకు దారిలో పోయాడని ఇంటివాళ్ళకి తెలిసిందని అమ్మమ్మ చెప్పేది.

ఇక శేషమ్మ సంగతి. తేజేశ్వర్ తల్లి శేషమ్మ కిందటేడు ఏప్రిల్‌లో నరసరావుపేట నుంచి వచ్చింది, ఆర్నెల్లకి విజిటర్ వీసా మీద. వచ్చిన వారానికి వెనక పెరట్లో ఒక తొట్టి సంపాదించి గోంగూర వేసింది. మొక్క జానెడయ్యాక చిలొంబో పై కిటికీలోంచి చూసి, ఆగలేక దిగొచ్చి, ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది.

“ఊస్సె,” అంది. వాళ్ళ ఊళ్ళో అలాంటి పుల్లాకు పేరది.

“గోంగూర,” అంది శేషమ్మ, దిద్దుతున్నట్టు.

అంతే, స్నేహం కుదిరింది. శేషమ్మకి ఇంగ్లీషు రాదు, చిలొంబోకి తెలుగు రాదు. అందుకని ఎవరి భాష వాళ్ళు మాట్లాడుకున్నారు, అడ్డేముంది. చిలొంబో మొక్కజొన్న పిండితో ఇపుటా కెలికి తెస్తే శేషమ్మ దాన్ని సంకటి అనేసి గోంగూర పచ్చడి నంజుకుంది. ఎండాకాలమంతా మధ్యాహ్నాలు వెనక మెట్ల మీద ఇద్దరూ ఆకులు గిల్లుతూ కూర్చునేవారు. శేషమ్మ ఆమెని వదినా అని పిలిచేది. చిలొంబో ఆమెని నాతేజ అనేది, అంటే తేజ తల్లి. వాళ్ళలో తల్లిదండ్రుల్ని బిడ్డ పేరుతో పిలవడం మర్యాద. మన ఆడవాళ్ళు మొగుణ్ణి ‘వేద వాళ్ళ నాన్న’ అంటారే, అలాగే ఆమె తేజేశ్వర్‌ని సావేద అనేది. మొదట్లో అతను తన పేరు ఆమెకి పలకడం రావట్లేదనుకున్నాడు.

అక్టోబరులో శేషమ్మ వెళ్ళిపోయింది. జనవరిలో చచ్చిపోయింది. ఆ మాట పై అంతస్తుకి ఎవరూ చెప్పలేదు.

చిలొంబోకి తెలిసిన విధానం తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి చెవులు వేడెక్కుతాయి. ఒకరోజు డబ్బాలో వేరుశెనగలు పోసుకుని కిందికి వెళ్ళింది. ముందు గదిలో గోడ మీద శేషమ్మ ఫోటో కొత్తగా కనిపించింది. పెద్దది, బంగారు రంగు ఫ్రేము, మెళ్ళో పూలదండ, కింద మినుకు మినుకుమనే చిన్న బల్బు. చిలొంబో సంబరపడిపోయింది. ఊళ్ళో నాతేజకి ఏదో సన్మానం జరిగిందనుకుంది. ఫోటో ముందు నిలబడి మోకాళ్ళు కొంచెం వంచి, గౌరవంగా చేతులు తట్టి, “కలుంగా, నాతేజ, కలుంగా,” అని నవ్వుతూ పలకరించింది. మనీషా ముఖం అదోలా అయిపోయింది. గబగబా వంటింట్లోకి పోయి, కళ్ళు తుడుచుకుని, డబ్బాలో లడ్డూలు పెట్టి తీసుకొచ్చింది. లడ్డూలు చూసి చిలొంబోకి అనుమానం మిగల్లేదు. సాయంత్రం కూతురికి ఆ శుభవార్తే చెప్పింది.

కూతురు గేవే ముసలివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో పనిచేస్తుంది, ఇండియన్ పేషెంట్లని చూసింది. బూట్లు విప్పుతున్నదల్లా ఆగి, “అమ్మా, వాళ్ళు చనిపోయినవాళ్ళ ఫోటోకే అలా దండ వేస్తారు,” అంది.

చిలొంబో ఆ రాత్రి అన్నం ముట్టలేదు. స్నేహితురాలు పోయినందుకు ఏడ్చింది, చేతులు తట్టి నవ్వినందుకు సిగ్గుతో ఏడ్చింది. తెల్లారేసరికి ఒకటి మాత్రం గట్టిగా అనుకుంది. పోయిన మనిషితో కలిసి తిన్నదాన్ని, ఇక్కడ ఆమె గడిపిన ఆఖరి ఉదయం చూసినదాన్ని, నేను చూసింది ఆమె కొడుక్కి చెప్పాలి. ఎలా పోయిందో అతను నాకు చెప్పాలి. ఇది జరక్కుండా ఆ చావు చావుగా పూర్తవదు. ఆమె పెరిగిన పద్ధతిలో అంతకంటే సులువైన లెక్క లేదు.

మంచి గుడ్డ కట్టుకుని కిందికి వెళ్ళింది. తేజేశ్వర్ తలుపు తీసి, “రండి ఆంటీ, రండి,” అని సోఫాలో కూర్చోబెట్టాడు. మనీషా టీ ఇచ్చింది, జంతికలు పెట్టింది. చిలొంబో టీ తాగి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతా సవ్యంగానే ఉంది, ఇక అడగడమే తరువాయి. ఎవరూ అడగలేదు. వేద స్కూల్ గురించి చెప్పారు, మంచు గురించి చెప్పారు, ఇంకో జంతిక తీసుకోమన్నారు. గంటసేపు చూసి ఆమె లేచింది. లేవగానే చేతిలో డబ్బా పెట్టారు.

మనవాళ్ళ తప్పేం లేదు. ఇంటికొచ్చిన మనిషిని ‘ఏం పని మీద వచ్చారు’ అని అడగడం మనలో ఎంత అమర్యాదో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ‘ఎందుకొచ్చావ్’ అన్నందుకు బంధుత్వాలు తెగిపోయిన ఇళ్ళున్నాయి. వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చెప్పాలి, అప్పటిదాకా మనం పెడుతూ ఉండాలి. అడిగితే గానీ ఆమె చెప్పదు, ఆమె చెబితే గానీ వీళ్ళు అడగరు. ఇద్దరి మర్యాదా నిఖార్సైనదే.

ఆమె మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ టీ. ఆ రాత్రి కింద మొగుడూ పెళ్ళాలు తర్జనభర్జన పడ్డారు.

“పాపం పైన హీటింగ్ సరిగా రావట్లేదేమో, చెప్పలేక కూర్చుంటున్నారు,” అంది మనీషా.

“రేపే ప్లంబర్‌ని బుక్ చేస్తా,” అన్నాడు తేజేశ్వర్.

మర్నాడు ఒక మనిషి పెట్టె పట్టుకుని పైకొచ్చి, బాగానే ఉన్న హీటర్‌ని విప్పి, మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు. చిలొంబో అతన్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, కింది నుంచి కబురు తెచ్చాడేమోనని ఆశగా అడిగింది. అతను ఫిల్టర్ మార్చుకోమన్నాడు.

ఇంకోసారి వెళ్తే, కాలక్షేపానికి వచ్చిందనుకుని టీవీలో ఏనుగుల సినిమా పెట్టారు. ఆమె ఏనుగుల్ని చూస్తూ, ఓరగా తేజేశ్వర్‌ని చూసింది. మనిషి చిక్కిపోయాడు. నవ్వుతున్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎవరితోనో మీటింగ్‌లో మాట్లాడుతున్నాడు. తల్లి పోయినవాడు ఇలా ఉంటాడా? ఆమె బుర్రలో రకరకాల ఆలోచనలు. వీళ్ళలో పోయినవాళ్ళ పేరెత్తకూడదని నిషేధం ఉందేమో. చిన్నపిల్లకి తెలియనివ్వడం లేదేమో, కానీ ఫోటోకి దండ వేశారు కదా. చేతులు తట్టి నవ్వానని నా మీద కోపమేమో, మరి కోపం ఉంటే జంతికలు ఎందుకు పెడతారు. లేక, ఆమె చేతి తిండి తిన్నదీ, ఆమెకి తిండి పెట్టిందీ నేను కాబట్టి నన్నే అనుమానిస్తున్నారేమో. వాళ్ళ ఊళ్ళో పాతకాలంలో చావు వెనక ఎవరి చెయ్యి ఉందోనని శవాన్నే అడిగేవాళ్ళు. ఆ ఆలోచన రాగానే ఆమె సినిమా సగంలోనే లేచొచ్చేసింది. డబ్బా పట్టుకురావడం మాత్రం తప్పలేదు.

“ఫోన్‌లో మెసేజ్ పెట్టెయ్యమ్మా, ఇక్కడంతా అంతే,” అంది గేవే.

చిలొంబో కూతురి వంక వింతగా చూసింది. చావు కబురు మెసేజ్‌లో పెట్టడమా అని కాదు. గేవేకి కూడా ఇది తెలియకుండా పోయిందా అని. గేవే తల దించుకుంది. ఆ ఇంట్లో ఆ మాట ఎత్తితే ఇంకో మాట వస్తుంది, అది ఇద్దరికీ తెలుసు.

గేవే ఒంటరిగా పుట్టలేదు. కవలలు పుడితే ఒవింబుండులు పేర్లు వెతుక్కోరు. ముందు వచ్చినవాడు జాంబా, ఏనుగు. వెనక వచ్చిన ఆడపిల్ల గేవే, నీటిగుర్రం. కవలల తల్లి కాబట్టి ఊళ్ళో చిలొంబోని అందరూ ప్రత్యేకంగా చూసేవారు. తొంభై మూడులో హువాంబో ఊరి మీద రెండు సైన్యాలు నెలల తరబడి కొట్టుకున్నప్పుడు జాంబాకి పద్దెనిమిదేళ్ళు. నీళ్ళకని బయటికెళ్ళాడు. ఏ సైన్యం పట్టుకుపోయిందో కూడా తెలీదు. తల్లీకూతుళ్ళు నడిచి నడిచి బెంగెలా చేరారు, ముత్తాతలు నడిచిన దారే, ఈసారి నెత్తిన సరుకు లేదు. యుద్ధం ఆగాక వాడు పోయాడని ఎవరో ఎవరితోనో అన్నారు. ఎక్కడ, ఎలా, చివర్లో ఏమన్నాడు, ఎవరు మన్ను కప్పారు, ఇవి చెప్పడానికి ఏ మనిషీ రాలేదు. వాడు నీళ్ళకి వెళ్ళినప్పట్నుంచీ చిలొంబో ఏ ఇంట్లో ఉన్నా తలుపు పక్కన ఒక చెక్క స్టూలు వేసి ఉంచుతుంది, కబురు తెచ్చేవాడు కూర్చోవడానికి. బెంగెలా పక్క లోబిటోలో వేసింది, న్యూఆర్క్‌లో వేసింది, ఐసెలిన్‌లోనూ వేసింది. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వదు, దాని మీద ఏ వస్తువూ పెట్టనివ్వదు.

మే నెలలో గేవేకి మెయిన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్‌లో ఉద్యోగం కుదిరింది. అక్కడ అంగోలా వాళ్ళు చాలామంది ఉన్నారు, ఉంబుందు మాట్లాడే చర్చి కూడా ఉందట, నీకు తోడుంటారమ్మా అంది. నెలాఖరుకి ట్రక్కు మాట్లాడింది. చిలొంబో సంతోషించాలో ఏడవాలో తెలియక పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. శేషమ్మ వెళ్ళేరోజు ఇచ్చిన గింజలు ఈమె అదే తొట్టిలో చల్లింది. మొలకలు వచ్చాయి. ఇవి వదిలేసి పోవచ్చు, మెయిన్‌లో కూడా మన్ను ఉంటుంది. కబురు చెప్పకుండా ఎలా పోవడం? జాంబా చావు చూసిన మనిషి కూడా ఇలాగే, ఎవరూ అడగలేదని, ఎక్కడో ఒక ఇంట్లో టీ తాగి లేచి వెళ్ళిపోయాడేమో. ఆ ఊహకి ఆమె ప్రాణం విలవిల్లాడింది.

ఆ శనివారం ఉదయం తేజేశ్వర్ పైకి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేసే ముందు బాత్రూమ్‌లో కారే కొళాయి చూసి రమ్మని మనీషా పంపింది. గుమ్మంలో బూట్లు విప్పుకోబోయాడు. లేసులు బిగుసుకున్నాయి. పక్కన స్టూలు కనిపించింది. కూర్చున్నాడు.

వంటింట్లోంచి చూసిన చిలొంబో చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. గదిలోంచి వస్తున్న గేవే గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ స్టూలు మీద కింది ఇంటి తెలుగబ్బాయి కూర్చుని ముడి విప్పుకుంటున్నాడు. లేవమని చెప్పడానికి గేవే నోరు తెరిచింది. తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

అప్పుడు తట్టింది చిలొంబోకి. ఇన్నాళ్ళూ తను కిందికి వెళ్ళి చుట్టంలా కూర్చుంది కాబట్టి నోరు విప్పలేకపోయింది. ఇప్పుడు వచ్చింది అతను. అడగాల్సింది ఇంటివాళ్ళు, ఇల్లు తనది. ఇంత చిన్న సంగతి ఇన్ని డబ్బాల తర్వాత గానీ వెలగలేదని తన మీద తనకే కోపం వచ్చింది.

కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. మొక్కజొన్నతో చేసి పులియబెట్టిన ఓచిసాంగ్వా గ్లాసులో పోసి ఇచ్చింది. తరవాణిలా ఉందనుకుంటూ తాగాడతను. ఆమె మెల్లగా చేతులు తట్టి, “కలుంగా,” అంది. తర్వాత ఇంగ్లీషులో, “సావేద, నీ కబురు ఏమిటి?”

“ఆల్ గుడ్, ఆంటీ. అంతా బావుంది,” అన్నాడు తేజేశ్వర్.

చిలొంబోకి నిజంగా అర్థం కాలేదు. “ఎప్పట్నుంచి బావుంది?” అని అడిగింది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, తెలుసుకోవాలనే అడిగింది. “మీ అమ్మ కారెక్కిన రోజు నుంచి చెప్పు. ఆ రోజు తర్వాత నువ్వూ నేనూ కబురు చెప్పుకోలేదు.”

తేజేశ్వర్ తికమకగా గేవే వైపు చూశాడు. గేవే గోడకి ఆనుకుని, తమ పద్ధతి నాలుగు మాటల్లో చెప్పింది. వచ్చిన మనిషిని అడగాలి. అడిగితే మొదట్నుంచీ చెప్పాలి. మా అమ్మ మీ ఇంటికి వచ్చింది మీరు అడుగుతారనే. అతనికి హీటర్ గుర్తొచ్చింది, ఏనుగుల సినిమా గుర్తొచ్చింది. ముఖం ఎర్రబడింది.

“అమ్మ జనవరిలో పోయింది, ఆంటీ. హార్ట్. పీస్‌ఫుల్‌గా జరిగింది.”

“కూకూ,” అంది చిలొంబో. మిగతాది చెబుతాడని చూసింది.  “ఎవరు పట్టుకుని ఉన్నారు అప్పుడు? ఏం అడిగింది?”

“తెలీదు,” అన్నాడతను. గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. “నేను వెళ్ళలేదు. వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుంటే జాబ్ పోతుందని లాయర్ ట్రావెల్ చెయ్యొద్దన్నాడు. వీడియో కాల్‌లో చూశాను. మధ్యలో నెట్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి అయిపోయింది.” ఇంకో గుక్క తాగి, “అందరికీ పీస్‌ఫుల్‌గా అని మెసేజ్ పెట్టాను. నాకేం తెలీదు,” అన్నాడు.

మన ఊళ్ళలో ఈ మాట ఇంతకాలం ఒంటరిగా ఉండేది కాదు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ ఎలా జరిగిందమ్మా అని అడిగేవారు, చెప్పిందే పదిసార్లు చెప్పించేవారు, చెప్పి చెప్పి ఏడుపు వచ్చేది. ఐసెలిన్ చేరేసరికి ఆ పరామర్శ చేతులు జోడించిన పసుపు బొమ్మ అయి ఫోన్లో కూర్చుంది. తేజేశ్వర్‌కి ఆ బొమ్మలు వందల్లో వచ్చాయి. ఒక్కడూ అడగలేదు, అడిగితే బాధపడతాడని.

చిలొంబో తనది చెప్పింది. గోంగూర ఆకు తుంచిన రోజు నుంచి మొదలుపెట్టింది. శేషమ్మ మధ్యాహ్నాలు దేనికి నవ్వేదో, వేద బడి నుంచి వచ్చే వేళకి మెట్ల మీంచి ఎలా లేచేదో చెప్పింది. ఆఖరి ఉదయం ఎండిన గోంగూర కాయలు నలిపి, గింజలు చీర పేలికలో కట్టి ఇచ్చిందనీ, తర్వాత వెనక గోడకి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడిందనీ, ఏడ్చిందనీ, నువ్వు కారు హారన్ కొట్టగానే ముఖం తుడుచుకుని నవ్వుతూ వచ్చిందనీ చెప్పింది. “నువ్వు ఫోన్లో ఉన్నావు. ఆమె నీకేం కనిపించనివ్వలేదు. అందుకే ఇది నా దగ్గర ఉండిపోయింది.”

తేజేశ్వర్ గ్లాసు కింద పెట్టేశాడు. కళ్ళు తుడుచుకోలేదు.

“ఇండియాలో ఆమె దగ్గర ఎవరైనా ఉన్నారా?”

“అక్క ఉంది. గీతాంజలి. చివరిదాకా తనే ఉంది.”

“అక్కని అడిగావా?”

“లేదు.”

“ఎందుకు?”

“అడిగితే బాధపడుతుందని.”

చిలొంబో అయోమయంగా అతన్నే చూసింది. ఈ జనం ఆమెకి ఎప్పటికీ అర్థమయ్యేలా లేరు. “చూసిన మనిషి ఉంది. బతికి ఉంది. ఫోన్ ఉంది,” అంది ఒక్కో మాటా ఏరుకుంటూ. “నువ్వు కూర్చున్న స్టూలు ఎవరిదో తెలుసా?”

జాంబా గురించి చెప్పింది. ఎక్కువ లేదు చెప్పడానికి, నీళ్ళకెళ్ళాడు అన్నంతవరకే. గేవే ముఖం పక్కకి తిప్పుకుంది. తేజేశ్వర్ స్టూలు మీంచి లేవబోయాడు. చిలొంబో భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

“నాకు అడగడానికి మనిషి లేదు,” అంది. “నువ్వు అడుగు. ఇక్కడే కూర్చుని అడుగు.”

నరసరావుపేటలో అప్పటికి సాయంత్రం. గీతాంజలి రెండో రింగుకే ఎత్తింది. “ఏంట్రా, ఈ టైమ్‌లో? అంతా బాగేనా?”

“బాగేనే అక్కా.” ఆ మాట అనేసి ఆగాడు. చిలొంబో వైపు చూశాడు. “అక్కా, అమ్మ ఎలా పోయిందే? మొదట్నుంచి చెప్పు. ఇంటికొచ్చిన రోజు నుంచి.”

 అవతల ముక్కు చీదిన చప్పుడు. “ఇన్నాళ్ళకి అడిగావురా,” అంది గీతాంజలి. “రాలేకపోయావు కదా, చెబితే కుమిలిపోతావని నేనే ఎత్తలేదు. నువ్వెప్పుడు అడుగుతావా అని చూస్తూనే ఉన్నా.”

ఫోన్ స్పీకర్‌లో పెట్టి మోకాలి మీద ఉంచుకున్నాడు. గీతాంజలి చెప్పడం మొదలుపెట్టింది. విమానం దిగిన రోజు కాళ్ళవాపు, ఆయాసం, సంక్రాంతి పోయిన వారంలో హాస్పిటల్. అక్కడో మాట ఇక్కడో మాట చెబుతూ, ఏడుస్తూ, మళ్ళీ అందుకుంటూ చెప్పింది. ఆమె ఆగిన చోటల్లా చిలొంబో, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, నెమ్మదిగా “కూకూ” అంది.

“ఎవర్రా అది?”

“పైవాళ్ళ ఆంటీ. ఊఁ కొడుతోంది. నువ్వు చెప్పు.”

“పైన వదినేనా?” గీతాంజలి గొంతు మారింది. “అయ్యో, ఆవిడకి ఒక మాట చెప్పాల్సి ఉందిరా. చివరి రోజు పొద్దున అమ్మకి కొంచెం తెలివొచ్చింది. పైన వదిన గోంగూర వేసిందో లేదో కనుక్కోమంది. ఎండ పొడ తగిలే చోట వెయ్యమను, నీళ్ళెక్కువ పొయ్యొద్దను అంది. తర్వాత ఇంక మాట్లాడలేదు. నీకు చెప్దామనుకున్నా, నువ్వు అడగలేదు.”

తేజేశ్వర్ తల ఎత్తాడు. ఇంగ్లీషులో చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి చెప్పగలిగాడు. “ఆంటీ, అమ్మ ఆఖరి మాట మీ గురించే. గింజలు నాటారా అని అడిగిందట.”

 స్టూలు వేసి ఉంచినన్నాళ్ళూ చిలొంబో ఎదురుచూసింది ఒకరి చివరి మాట కోసం. అది వచ్చింది, కొడుకుది కాదు, తన భాష రాని మనిషిది, తనకోసం. ఏడుస్తున్నదో లేదో కూడా ఆమెకి తెలియలేదు. ఫోన్లో గీతాంజలి చెప్పడం ఆపి ఎదురుచూస్తోంది. కూకూ అనాల్సిన చోటది. చిలొంబోకి నోరు రాలేదు.

గోడ దగ్గర నిలబడ్డ గేవే వచ్చి తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఫోన్ వైపు వంగి, ఆమె బదులు తను అంది.